మామ్మగారి తలలో మూడో పంపు

కొత్తదివి తేలుపట్నం, పైపుల శాఖ రోజు పుస్తకం. రాసేది మేస్త్రి నాంచారి.

నమోదు 211. సోమవారం

లీకులు రెండు. ఒకటి బడి వెనక, ఒకటి గోవర్ధనం గారి స్నానాల గదిలో. రెండోది లీకు కాదు, ఆయన కుళాయి కట్టడం మర్చిపోయారు. ఊరిపెద్ద కాబట్టి లీకు అనే రాశాను.

అసలు సంగతి వేరే ఉంది. హైమావతి మామ్మగారు ఇవాళ కరణం ప్రశ్నల్లో ఒకటి తప్పారు.

ఈ పుస్తకం నా తర్వాత ఎవరి చేతికి వస్తుందో తెలియదు కాబట్టి రెండు ముక్కలు రాసి పెడతాను. సముద్రం మీద తేలే ఈ ఊరికి మంచినీళ్లు చేసి పోసే మిషను పేరు కరణం. వాల్వులూ దాని చేతిలోనే, ఊరి రికార్డులూ దాని చేతిలోనే. రికార్డు మార్చాలంటే సంఘం తీర్మానం చాలు. వాల్వు తిప్పాలంటే మాత్రం ముందే నమోదైన గొంతుల పట్టీలో ఉన్న మనిషి గొంతు వినపడాలి. ఒకరి గొంతును ఇంకొకరు అనుకరించి వాల్వులు తిప్పిన గొడవలయ్యాక ఆ పట్టీలో కొత్తవాళ్లను చేర్చడం మానేశారు. అప్పటి ఇరవై ఆరుగురిలో ఇప్పుడు మిగిలింది మామ్మగారొక్కరే. ఆవిడకు ఎనభై ఒకటి.

అందుకని ఏడు రోజులకొకసారి కరణం ఆవిడ్ని మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇవాళ ఏ వారం? ఊరిపెద్ద ఎవరు? మీ పక్కన ఉన్నది ఎవరు? పక్కన ఉండేది నేనే. ఒకటి తప్పితే కుళాయిలు సన్నగా కారతాయి. రెండు తప్పితే పూటకు గంటసేపే నీళ్లు. మూడూ తప్పితే పట్టీ ఖాళీ అని తేల్చేసి వాల్వులు బిగించుకుని కూర్చుంటుంది, ఆపైన సంఘం మాట కూడా వినదు. అప్పుడు నాలుగు వందల పన్నెండు మందిమి ఉప్పునీళ్ల మధ్య కూర్చుని మబ్బుల వంక చూడాలి.

"ఇవాళ ఏ వారం?" అంది కరణం.

"శుక్రవారం. పొద్దునే తలంటు పోసుకున్నాగా," అన్నారు మామ్మగారు.

మిగతా రెండూ సరిగ్గానే చెప్పారు. సాయంత్రానికి ఊళ్లో కుళాయిలన్నీ ముక్కు కారినట్టు కారుతున్నాయి.

నమోదు 212. శనివారం (నిన్న సోమవారం)

లీకులు లేవు. లీకవడానికి నీళ్లుంటే కదా.

సంఘం కూర్చుంది. నేను నిలబడ్డాను. ఆవిడ రెండు నెలలుగా కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారని, మాట మధ్యలో ఆగిపోతున్నారని, మొన్న హాస్టలు అమ్మాయిలకు వేడినీళ్లు వదలమంటే లేని హాస్టలు కోసం కరణం ఊరందరికీ సలసలా కాగే నీళ్లు వదిలిందని చెప్పాను. వైద్య నావ వచ్చినప్పుడు డాక్టరుకు చూపిద్దామన్నాను.

"చూపిస్తే ఆవిడకి ఏదో ఉందని తేలుద్ది," అన్నారు గోవర్ధనం గారు. "తేలితే కరణానికి తెలుస్తుంది. పెద్దవయసమ్మా అది. ఆవిడ్ని మార్చలేం. రికార్డు మార్చగలం."

ఐదుగురూ వేలిముద్రలు వేశారు. నిన్న శుక్రవారమని తీర్మానం అయిపోయింది. కరణం నిన్నటి జవాబును మళ్లీ దిద్దుకుని సరే అంది, కుళాయిలు బుస్సుమన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

శుక్రవారం పరీక్ష ఉన్న పిల్లలకు పరీక్ష అయిపోయినట్టే అని బళ్లో చెప్పారు. మా మంగళ, బుధ, గురువారాలు ఏమయ్యాయని ఎవరో అడిగితే, వాయిదా వేశామన్నారు గోవర్ధనం గారు.

నమోదు 218. శుక్రవారం (అసలు సోమవారం)

లీకు ఒకటి, క్యాంటీను దగ్గర.

కరణం వారం అడిగింది. మామ్మగారు శుక్రవారమన్నారు. సరిపోయింది. గోవర్ధనం గారు నా వంక చూసి కళ్లెగరేశారు.

"ఊరిపెద్ద ఎవరు?"

క్యాంటీనులోంచి చేపల పులుసు వాసన వస్తోంది. "ఏసుపాదం," అన్నారు మామ్మగారు.

ఏసుపాదం వంటవాడు. చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు. "నేనేం చేశానండీ," అన్నాడు. ఇంకా ఏమీ చేయలేదు, చేయబోతున్నాడని నేను చెప్పాను.

నమోదు 219. శనివారం

లీకులు చూడలేదు. ప్రమాణస్వీకారానికి మైకు మోశాను.

గోవర్ధనం గారు దండ తీసి ఏసుపాదం మెడలో వేశారు. ఊరి మేలు కోసం త్యాగం చేస్తున్నానని ముప్పావు గంట మాట్లాడారు. ఏసుపాదం లేచి, పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి వెళ్లిపోయాడు. కొత్తదివిలో నేను విన్న ఉపన్యాసాల్లో అదే మంచిది.

ఇక సంఘం సమావేశాలు వంటింట్లో జరుగుతాయి. గోవర్ధనం గారు మాజీ కాబట్టి ఉల్లిపాయలు తరగాలి.

నమోదు 221. సోమవారం (అసలు గురువారం)

లీకులు లేవు. ఉన్నట్టు ఒకటి వినపడింది. జాగ్రత్తగా రాస్తాను.

వారం రోజులుగా మామ్మగారు మూడో పంపు ఆపమంటున్నారు. మూడో పంపును పదేళ్ల కిందటే విప్పేశాం. కరణం కూడా పాపం ఆ పంపు కోసం ఊరంతా వెతికి, దొరకక, ఆవిడ మాట తీసేయలేక, బడి గంట ఆపేసింది.

"నీకు వినపడట్లా?" అన్నారు ఇవాళ. "స్స్, స్స్ అని ఆడుతోంది. ఏమే నాంచారీ, నీకు పని నేర్పింది నేనేనా?"

ఆవిడే. నేను తొమ్మిదేళ్ల పిల్లగా పడవ దిగినప్పుడు నాకెవరూ లేరు. ఆవిడ అప్పట్లో పైపుల శాఖ ఇంజనీరు. నా చేతిలో వినే చువ్వ పెట్టారు. మూరన్నర ఇనుప చువ్వ, ఒక కొస పైపు మీద, ఇంకో కొస చెవి దగ్గర. గోడలో ఎక్కడ కారుతున్నా చెబుతుంది. అన్నం కూడా ఆవిడ దగ్గరే తిన్నాను. కరణం రికార్డులో మాత్రం మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు.

ఆవిడ గదిలో పైపులన్నీ విన్నాను. నిశ్శబ్దం. "ఎక్కడండీ మామ్మగారూ?" అంటే కుడిచెవి వెనక చూపించారు. ఆవిడ మనసు నిమ్మళపడుతుందని చువ్వ కొస అక్కడ ఆనించాను.

స్స్. స్స్. స్స్.

ఆవిడ మణికట్టు పట్టుకుని చూశాను. నాడి కొట్టినప్పుడల్లా ఆ చప్పుడు. ఇరుకు సందులోంచి నీళ్లు ఒత్తిడితో దూకితే అచ్చంగా అలాగే ఉంటుంది.

మనుషుల తలలన్నీ అలాగే మోగుతాయేమోనని అనుమానం వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వరుసలో పంతొమ్మిది తలలు విన్నాను. ఏ తలలోనూ చప్పుడు లేదు. గోవర్ధనం గారి తల మరీ ప్రశాంతంగా ఉంది. ఇంతకాలం ఆవిడ తిక్కగా మాట్లాడుతున్నారనుకున్నాం. ఆవిడ లీకు ఎక్కడుందో చెబుతున్నారు, పైపుల మేస్త్రినైన నేను కూడా వినలేదు. నాకు చాలా సిగ్గేసింది.

నమోదు 224. గురువారం (అసలు ఆదివారం)

లీకు ఒకటి. దాని గురించే.

నిన్న వైద్య నావ వచ్చింది. డాక్టర్ జుబేదా గారు చువ్వ మాట విని నవ్వలేదు. తన గొట్టం పెట్టి విన్నారు, తర్వాత మామ్మగారి తలకు ఫోటోలు తీశారు. ఇవాళ నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"మెదడు మీది పొరలో ఒక ధమని తిన్నగా సిరలోకి తెరుచుకుంది. మధ్యలో సన్న నాళాలుండాలి, అవి లేవు. చాలా అరుదమ్మా ఇది. పెద్దవాళ్లలో వస్తే అందరూ వయసని వదిలేస్తారు."

"మెయిన్ లైను తెచ్చి డ్రైనేజీలో కలిపినట్టు," అన్నాను.

"అంతే."

"అట్లా కలిపితే డ్రైనేజీ ఎదురు తన్నుద్దండీ. ఇంట్లో వాడిన నీళ్లు బయటికి పోవు."

"మెదడులో రక్తం కూడా పోవట్లేదు. అక్కడే నిలబడిపోతోంది. అందుకే ఆ అయోమయం." డాక్టరు గారు ఫోటో మీద వేలితో చూపించారు. "వదిలేస్తే ముదురుతుంది. ఏదో ఒకరోజు ఆ సిర పగలొచ్చు. తొడ దగ్గర నాళంలోంచి సన్న గొట్టం పంపించి, ఆ సందులో జిగురు నింపి మూసేస్తాను. మనిషి మళ్లీ మామూలు కావచ్చు. ఖాయమని చెప్పను. రక్తసంబంధీకులు సంతకం పెట్టాలి, లేదంటే ఊరి సంఘం."

ఆవిడకు రక్తసంబంధీకులు లేరు. సంఘం దగ్గరికి పరుగెత్తాను.

ఏసుపాదం వెంటనే చెయ్యెత్తాడు, ఇంకొకరు ఎత్తారు. ముగ్గురు ఎత్తలేదు. గోవర్ధనం గారు కత్తి పక్కన పెట్టి, ఉల్లిపాయ కన్నీళ్లతో నాకు నచ్చజెప్పారు. "మత్తులో ఆవిడకేదన్నా అయితే గొంతు పోద్ది. బాగుపడ్డారే అనుకో, ఇంకా ప్రమాదం. ఆవిడ జవాబులకి సరిపడా ఊరంతా సర్దుకున్నాం. ఇప్పుడు ఆవిడ సరిగ్గా చెప్తే మన గతేంటి?"

ఆయన మాటలో తప్పెక్కడుందో నాకు తెలుస్తోంది. బయటికొచ్చి పైపు నట్టు ఒకటి విరిగేదాకా బిగించాను.

నమోదు 225. శుక్రవారం (అసలు సోమవారం)

లీకులు రాయను.

శుక్రవారం, సరి. ఏసుపాదం, సరి. "మీ పక్కన ఉన్నది ఎవరు?" అంది కరణం.

మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. నా మొహమంతా నిదానంగా చూశారు. "మా అమ్మ," అన్నారు. "ఎక్కడికెళ్లావే అమ్మా ఇన్నాళ్లు?"

కరణం తప్పు అంది. కుళాయిలు సన్నబడ్డాయి. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. వారం మర్చిపోయినా, ఊరు మర్చిపోయినా, ఈ ఇరవై అయిదేళ్లలో నా పేరు ఆవిడ ఎప్పుడూ మర్చిపోలేదు.

నమోదు 226. శనివారం

సంఘం తీర్మానం నంబరు 88. పైపుల మేస్త్రి నాంచారి, వయసు ముప్పై నాలుగు అన్నది కొట్టివేయడమైనది. నాంచారి, వయసు నూట మూడు, హైమావతి గారి కన్నతల్లి అని చదువుకోవలెను.

కుళాయిలు బుస్సుమన్నాయి. మధ్యాహ్నం నా పళ్లెంలో పులుసు పెట్టలేదు. తొంభై దాటినవాళ్లకు ఉప్పులేని జావ మాత్రమేనని కరణం పంపిన చీటీ ఏసుపాదం చూపించాడు. నిచ్చెన ఎక్కబోతే నిచ్చెన తాళం వేసుకుంది. బాత్రూమ్‌లో ఉంటే కరణం తలుపు మూడుసార్లు తట్టి, బాగానే ఉన్నారా అని అడిగింది.

నమోదు 227. ఆదివారం (అసలు బుధవారం)

జావ తాగుతుంటే ఒక ఆలోచన తట్టింది. చెంచా అక్కడే వదిలేసి నావ మీదికి వెళ్లాను.

"సంతకం పెడతానండీ," అన్నాను. "నేను ఆవిడ తల్లిని."

డాక్టరు గారు కరణాన్ని అడిగారు. కరణం నిజమేనంది. డాక్టరు గారు నన్ను కిందినుంచి మీదిదాకా చూశారు. "నూట మూడా?"

"నీళ్లలో పని కదండీ. ఒళ్లు నిలిచింది."

గోవర్ధనం గారు రొప్పుకుంటూ వచ్చారు. వెనకే ఏసుపాదం, దండ ఇంకా మెడలోనే ఉంది. "అది ఉత్త రికార్డండీ," అన్నారు గోవర్ధనం గారు. "ఆ పిల్ల ఆవిడకి ఏమీ కాదు."

"ఉత్తదైతే కొట్టేయండి. కుళాయిలు సన్నబడతాయి," అన్నాను. "ఇవాళ ఆదివారమేనా మరి? అదీ ఉత్తదేనా?"

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. "నా పులుసులో ఉప్పెక్కువైందని మామ్మగారు తిట్టి రెణ్ణెల్లయిందండీ. మీరంతా బాగుందంటారు. ఆవిడ తిట్టకపోతే నాకు చెయ్యి కుదరట్లా." డాక్టరు గారి వైపు తిరిగాడు. "ఊరిపెద్దగా చెప్తున్నా. తల్లి సంతకం చాలు."

సంతకం పెట్టాను. మత్తులో ఏమైనా అయితే ఊరికి నీళ్లు పోయేది నా సంతకం వల్లే. నాకు అంతకంటే ముందు ఆవిడ పోతారు. ఆ వరుసలోనే భయపడ్డానని ఒప్పుకుంటున్నాను.

నమోదు 228. సోమవారం (అసలు గురువారం)

లీకు ఒకటి. మూడు గంటల పని. మూసేశారు.

అయ్యాక డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచి, వింటారా అన్నారు. చువ్వను స్పిరిటుతో తుడిచి ఆవిడ చెవి వెనక ఆనించాను. ఏమీ లేదు. ఇంత మంచి నిశ్శబ్దం ఏ పైపులోనూ వినలేదు.

నమోదు 231. గురువారం (అసలు ఆదివారం)

రేపు ప్రశ్నల రోజు. ఊళ్లో బిందెలు, బకెట్లు, పిల్లల స్నానాల తొట్లు అన్నీ నింపుకున్నారు.

మామ్మగారు మూడు రోజులుగా ఎక్కువగా నిద్రలోనే ఉన్నారు. తెలివి రావడానికి ఒక్కోసారి వారాలు పట్టొచ్చని డాక్టరు గారు అన్నారు. అంటే రేపటికి ఏ మామ్మగారు లేస్తారో ఎవరికీ తెలియదు. పాత జవాబులు చెప్పే మామ్మగారైతే రికార్డు ఇలాగే ఉండాలి. బాగుపడ్డ మామ్మగారైతే అన్నీ వెనక్కి మార్చాలి. వంటింట్లో సంఘం పొద్దున్నుంచి వాదించుకుని, గోవర్ధనం గారు రెండు గంపల ఉల్లిపాయలు తరిగాక, ఏ తీర్మానమూ లేకుండా లేచింది.

సాయంత్రం ఆవిడ కళ్లు తెరిచారు. మంచం కాళ్ల దగ్గర వేలాడదీసిన కాగితం తీసుకుని చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. అది తల్లినని నేను సంతకం పెట్టిన కాగితం. అటు తిరిగి పడుకున్నారు. ఆవిడకు అర్థమైందో లేదో నాకు తెలియలేదు.

నమోదు 232. శుక్రవారం (అసలు సోమవారం)

ఊరంతా కరణం గది బయట నిలబడింది. మామ్మగారు నా భుజం పట్టుకుని నడిచి వచ్చారు. కాళ్లు ఈడ్వడం లేదు. అది చూసి నాకు ఆనందం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం," అన్నారు మామ్మగారు.

"తప్పు."

బయట గోవర్ధనం గారు కూలబడ్డ చప్పుడు వినపడింది. మామ్మగారు కనుబొమలు ముడిచారు. సరైన లెక్కను ఎవరైనా తప్పంటే ఇంజనీరుగా ఉన్నప్పుడు కూడా అలాగే ముడిచేవారు.

"ఊరిపెద్ద ఎవరు?"

"గోవర్ధనం. ఇంకెవరు?"

"తప్పు."

గోడలో వాల్వులు ఒక్కొక్కటే సగానికి తిరగడం నాకు వినపడుతోంది. ముందుగా నేర్పినా, కరణం ముందు నోరు విప్పి అందించినా మూడూ తప్పినట్టే లెక్క. నేను పెదవులు బిగపట్టుకున్నాను. ఇప్పుడు నాంచారి అంటారు. వారం రోజులుగా ఆవిడ నోట ఆ పేరు వినాలని చచ్చిపోతున్నాను. ఇప్పుడు అంటే ఊరు ఎండిపోతుంది.

"మీ పక్కన ఉన్నది ఎవరు?"

మామ్మగారు తిరిగి నన్ను చూశారు. ఈసారి ఆ చూపులో వెతుకులాట లేదు. తేటగా ఉన్న తెలివితో, నా మొహం, నా చేతులు, నా నడుముకున్న చువ్వ అన్నీ గుర్తుపట్టి చూశారు.

"నా కోసం సంతకం పెట్టింది," అన్నారు. "మా అమ్మ."

"సరి," అంది కరణం. "పూటకు గంటసేపు నీళ్లు."

నమోదు 233. మంగళవారం

ఇక నుంచి వారాలు ఒక్కటే. పొద్దున సంఘం కూర్చుని అన్నీ వెనక్కి మార్చింది. సోమవారం సోమవారమైంది, కుళాయిలు బుస్సుమన్నాయి. ఏసుపాదం దండ తీసి గోవర్ధనం గారికి ఇచ్చి, ఉల్లిపాయల కత్తి వెనక్కి తీసుకున్నాడు. పోయిన మంగళ, బుధ, గురువారాలు మాత్రం ఎక్కడా దొరకలేదు. పిల్లలకు పరీక్ష పెట్టాలని టీచర్లు, అయిపోయిందని పిల్లలు ఇంకా గొడవ పడుతున్నారు. పట్టీలో కొత్త గొంతులు చేర్చాలని మామ్మగారే సంఘాన్ని కూర్చోబెట్టి తిట్టారు. పులుసు కూడా తిట్టారు. ఏసుపాదం మొహం వెలిగిపోయింది.

చివరికి తీర్మానం 88 దగ్గరికి వచ్చింది. అది రద్దు చేయమని గోవర్ధనం గారు చదివారు.

"తల్లీకూతుళ్ల రికార్డు రద్దు కావాలంటే కూతురు ఒప్పుకోవాలి," అంది కరణం. "ఒప్పుకుంటున్నారా?"

అందరూ మామ్మగారి వంక చూశారు. ఆవిడ నా చేతిలో చువ్వ తీసుకుని, కొస వంకరపోయిందేమో చూసి, మళ్లీ నాకే ఇచ్చారు.

"ఒప్పుకోను," అన్నారు. నా వైపు తిరిగి, "ఏమే నాంచారీ, నూట మూడేళ్లొచ్చాయి. బడి వెనక కారుతోంది ఇంకా. పోయి చూడు."

లీకు ఒకటి, బడి వెనక. నిచ్చెన తాళం తీయలేదు కాబట్టి కింద నిలబడే కట్టాను. మధ్యాహ్నం నాకు ఉప్పులేని జావే వచ్చింది. రెండు గిన్నెలు తాగాను.